బావి నలుపుకు తగిన కాగితం

నాయన పోయిన తర్వాత అనంతపురంలో ఆయన ఫోటో స్టూడియో నేనే నడిపాను. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిచూపుల ఫోటోలు, రేషన్ కార్డు కోసం ఇంటిల్లిపాదీ బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్న ఫోటోలు. అది పొట్టకూటి పని. దాని పక్కన నాకొక పిచ్చి ఉండేది. ఆదివారాలు నాయన పాత కెమెరా, మూడుకాళ్ల స్టాండు తీసుకుని బస్సెక్కి, మనసుకు నచ్చిన పల్లె దగ్గర దిగిపోయేదాన్ని. ఎండిన చెరువులు, నీళ్లు పడని బోర్ల పక్కన మిగిలిన రాతిపొడి కుప్పలు, ఖాళీ కళ్లాలు, బావులు తీసేదాన్ని. మనుషుల ముఖాలు వారమంతా స్టూడియోలో చూస్తూనే ఉంటాను కదా అని, బయట మనిషి కనిపిస్తే కెమెరా దించేసేదాన్ని. నా ఫోటోల్లో ఎవరూ ఉండరని స్నేహితులు ఎగతాళి చేసేవాళ్లు.

ఆ ఫోటోలన్నీ తొంభైల చివర్లో తీసినవి. ఏడెనిమిదేళ్లకు, ఫిల్ము కడిగే ల్యాబులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, బెంగుళూరులో చిన్న గ్యాలరీ నడిపే ఒకాయన వాటిని చూసి ప్రదర్శన పెడదామన్నాడు. నెగెటివ్‌లు స్కాన్ చేసుకుని, ఇంక్‌జెట్ ప్రింటరు మీద ప్రింట్లు మీరే తీసుకోండి అన్నాడు. "ప్రింటరు సంగతి ఎట్లో అట్ల అవుతుంది గాని, కాగితం మాత్రం తొందరపడి ఎంచుకోవద్దమ్మా. ఒకే బొమ్మను నాలుగు కాగితాల మీద తీయండి, గోడకు పెట్టి కొన్నాళ్లు చూడండి. మీ బొమ్మకు ఏది కావాలో అదే చెబుతుంది" అని నాలుగు రకాల కాగితాలు నమూనాకు పంపించాడు.

స్టూడియోలో నాకు తోడు ఒక పెద్దాయన ఉండేవాడు. నాయన దగ్గర ముప్పై ఏళ్లు రీటచింగు చేసిన సాయిబు. చిన్నప్పటి నుంచి ఆయన్ని నేను చిన్నాయనా అనే పిలుస్తాను. సన్నటి పెన్సిలుతో నెగెటివ్ మీదే మొటిమలు మాయం చేసేవాడు. పోయినవాళ్ల పాత ఫోటో తెచ్చి ఇస్తే కత్తెరతో, బ్రష్షుతో ఆ మనిషిని తెచ్చి బతికున్నవాళ్ల పక్కన కూర్చోబెట్టేవాడు. అతుకు ఎక్కడో నాయనకు కూడా దొరికేది కాదు. కంప్యూటరు వచ్చాక ఆ పని పోయింది. అయినా రోజూ పదింటికి వచ్చి తన స్టూలు మీద తాను కూర్చునేవాడు.

కాగితాల పెట్టె విప్పింది ఆయనే. ఒక్కో షీటు మూలను తడివేలితో తాకి, వేలు అంటుకున్న వైపు ప్రింటు వైపని చెప్పి పక్కన పెట్టాడు. మొదటిది అద్దంలా మెరిసే గ్లాసీ. రెండోది మామూలు మ్యాట్, మెరుపు లేనిది. మూడోది దూదితో చేసిన మందపాటి కాగితం, పట్టుకుంటే ఉతికిన దుప్పటి అంచులా ఉంది. నాలుగోది అప్పుడే కొత్తగా వస్తున్న రకం. మెరుపు ఉందా లేదా అన్నట్టు సన్నటి నిగారింపు, చీకటి గదిలో మేము వాడిన పాత కాగితంలా ఉంది. దాన్ని వాసన చూసి చిన్నాయన నవ్వాడు. "మీ నాయన ఉన్నింటే దీన్నే తీసుకునేవాడు పాపా."

కాగితం గుణం తెలియాలంటే నలుపు ఎక్కువున్న బొమ్మ కావాలి. తెలుపును ఏ కాగితమైనా మోస్తుంది. నలుపు దగ్గరే దాని సత్తా బయటపడుతుంది. అందుకని బత్తలపల్లె దాటినాక ఒక పల్లె బయట తీసిన దిగుడు బావి నెగెటివ్ తీశాను. నలుచదరపు బావి. ఒక గోడ వెంబడి రాతి మెట్లు కిందికి దిగుతాయి. సగం బావి మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లగా మండిపోతూ, సగం నీడలో ముంచినట్టు నల్లగా ఉంటుంది. నెగెటివ్ పెట్టిన కవరు మీద నా రాత ఉంది. ఊరి పేరు, ఏడాది, వాటి కింద, "ఉగాది అయిన నాలుగో రోజు, మధ్యాహ్నం."

ప్రింట్లు తీయడానికే నాలుగు రోజులు పట్టింది. గ్లాసీకి ఒక నల్ల ఇంకు, మ్యాట్‌కు ఇంకో నల్ల ఇంకు. మార్చినప్పుడల్లా కాస్త ఇంకు వృథాగా పోతుంది. మధ్యలో కరెంటు పోతే బొమ్మ మీద అడ్డంగా గీత పడి షీటు పాడవుతుంది. దూది కాగితం మీద కంటికి కనిపించని నూగు ఉంటుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో దులపకుండా ప్రింటు తీస్తే, తర్వాత ఆ నూగు రాలి నలుపులో తెల్ల చుక్కలు మిగులుతాయి. మా ఊరి పొడిగాలికి కాగితం అంచులు పైకి లేచేవి. చిన్నాయన వాటిని పుస్తకాల కింద పెట్టి అణిచేవాడు. చివరికి నాలుగు ప్రింట్లనూ ఉత్తరం కిటికీ పక్క గోడకు పిన్నులు గుచ్చి వరసగా పెట్టాము. ఇంకు ఆరి నిలదొక్కుకునే దాకా ఒక రోజంతా వాటిని చూడలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం చూశాను. గ్లాసీ మీద బావి నలుపులో మా కిటికీ, అందులో నేను కనిపిస్తున్నాం. మ్యాట్ మీద నలుపు బూడిద చల్లినట్టు చప్పగా ఉంది. దూది కాగితం మీది నలుపు మెత్తగా, లోతుగా, వంటకుండ అడుగున పట్టిన మసిలా ఉంది. నాకు అదే నచ్చింది. చిన్నాయన మాత్రం టీ గ్లాసు పట్టుకుని నాలుగో ప్రింటు ముందు నిలబడిపోయాడు. టీ తాగడం లేదు.

"పాపా, బావిలో ఎవరు?" అన్నాడు.

నేను నవ్వాను. నా ఫోటోల్లో ఎవరూ ఉండరని ఆయనకూ తెలుసు. ఆయన నవ్వలేదు. వేలితో చూపించాడు. కింది నుంచి మూడో మెట్టు, నీడ బాగా ముదిరిన చోట గోరంత బూడిదరంగు మచ్చ. దుమ్మేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే అది చెయ్యి. వెల్లకిలా తిప్పి మోకాలి మీద పెట్టిన అరచెయ్యి. ఒకసారి చెయ్యి కనిపించాక మిగతాది దానంతట అదే కనిపించింది. మోకాలు, వంగిన భుజం, తల మీద కప్పుకున్న తువ్వాలు. ముఖం లేదు, తువ్వాలు నీడలో కలిసిపోయింది. మిగతా మూడు కాగితాల మీద ఆ చోట వట్టి నలుపే. ఈ కాగితం మాత్రం ఆ నలుపును పొరలుపొరలుగా విడదీసి లోపలున్నది చూపించింది.

నాకు ముందుగా వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆయన వైపు తిరిగి, "చిన్నాయనా, నెగెటివ్ మీద నువ్వేమైనా..." అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "చానామందిని తెచ్చి కూచోబెట్టినా పాపా. అందరూ ఇంటోళ్లు అడిగినోళ్లే. ఈ మనిషిని పెట్టమని నన్నెవురూ అడగలే."

నెగెటివ్‌ను లైటు పెట్టె మీద పెట్టి భూతద్దంతో చూశాడు. నాకూ చూపించాడు. మెట్టు దగ్గర, దాదాపు ఖాళీగా ఉన్న ఫిల్ములో, పొగలాగా సన్నటి గుర్తు. పెన్సిలు కాదు, బ్రష్షు కాదు. ఫిల్ములోనే ఉంది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బావి చుట్టూ ఒక్క మనిషి లేడు, ఒక్క మేక లేదు. ఎండ కళ్లకు మిరుమిట్లు గొలిపి నీడలో ఏమీ కనిపించలేదు. స్టాండు మడిచాక గట్టు మీద వంగి లోపలికి "ఓ" అని అరిచాను. ఎండిన బావిలో అరిస్తే మన గొంతు మనకు తిరిగొస్తుందని చిన్నప్పటి సరదా. ఆ బావి నా గొంతు నాకు తిరిగి ఇవ్వలేదు. లోపల ఏదో మెత్తటిది అడ్డం ఉన్నట్టు ఆ అరుపు ఆగిపోయింది. అప్పుడు వింతగా అనిపించింది, తర్వాత మరిచిపోయాను. ఇప్పుడు గోడ మీది ఆ అరచేతిని చూస్తూ ఉంటే అది మళ్లీ గుర్తొచ్చింది.

రెండు రోజులు ఆ ప్రింటును వెనక్కి తిప్పి పెట్టాను. మూడో రోజు చిన్నాయనే అన్నాడు. "ఆ ఊరికి పోయి అడుగుదాం. ఫోటోలో దిగిన మనిషికి ఫోటో చూపించకుండా గోడకు పెట్టుకునేది తప్పు."

నాలుగో ప్రింటు చుట్టి గొట్టంలో పెట్టుకుని, నెగెటివ్ కవరు సంచీలో వేసుకుని ఇద్దరం బస్సెక్కాం. బావి దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గట్టు పక్కన ఎర్రమన్ను కుప్పలు పోసి ఉన్నాయి. వాటి పక్కన, తుమ్మచెట్టు నీడలో నలభై ఏళ్ల మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, యాడోళ్లు మీరు?" అన్నాడు.

అనంతపురమని చెప్పాం. మన్ను ఎందుకని చిన్నాయన అడిగాడు. "బావి పూడుస్తాండాం. నీళ్లు లేక పదైదేండ్లాయ. గొర్రెలు పడి సస్తాండాయి" అన్నాడు ఆ రైతు. ఆ బావి వాళ్లదే.

గట్టు మీద ప్రింటు విప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. ఎండలో నలుపు ఇంకా బాగా విడివడింది. చిన్నాయన ఏమీ చెప్పకుండా ఆ మెట్టు చూపించాడు. ఆ రైతు వంగి చూశాడు. లేచేటప్పటికి ముఖం మారిపోయింది.

"ఎప్పుడు తీసిండేది ఇది?"

కవరు మీద రాసింది చదివాను.

"మా యన్న పోయింది ఆ యేడు శివరాత్రికి ముందు" అన్నాడు. "ఉగాది అయినంక ఈడెట్ల కూచుంటాడు?"

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. అతని అన్న భూమిలో నీళ్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను మీద నడిస్తే, నీళ్లున్న చోట టెంకాయ నిలువుగా లేస్తుందని నమ్మకం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆ ఏడు తమ చేనులోనే మూడు చోట్ల చూపించాడు. మూడు బోర్లూ రాతిపొడి తప్ప చుక్క నీరు ఇవ్వలేదు. ఒక పొద్దున టెంకాయ ఇంట్లోనే పెట్టి బయటికి పోయాడు. మళ్లీ రాలేదు. ఈ బావిలో వెతికారు, అన్ని బావుల్లోనూ వెతికారు. గోరంట్ల వైపు చూసినామని ఒకరన్నారు, లేదు బెంగుళూరులో అని ఇంకొకరన్నారు. ఏదీ తేలలేదు.

"ఇప్పుడు నా కలలోకి వస్తాండాడు" అన్నాడు. "వాకిట్లో నిలబడుకుంటాడు. లోపలికి రా అన్నా అంటే రాడు. దినాలు చేయకపాయె గదా, అందుకే తిరుగుతాండాడని పెద్దోళ్లు చెప్తాండారు. చేస్తామంటే మా వదినె ఒప్పుకోదు. ఆయప్ప బతికే ఉండాడంటాది." మాట ఆపి ప్రింటు వైపు అనుమానంగా చూశాడు. "ఇది కంప్యూటర్లో చేసింది గాదు గదా? ఇప్పుడు ఏమైనా చేస్తారంట."

చిన్నాయన నెగెటివ్ తీసి అతని చేతికిచ్చి, ఎండకు ఎదురుగా పట్టుకోమన్నాడు. "ఇది కంప్యూటర్ రాకముందుదప్పా. ఇది అబద్ధం చెప్పదు."

అతను దాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఊళ్లోకి పోయి వదినెను పిలుచుకు వచ్చాడు.

నాకంటే పదేళ్లు పెద్దదేమో. నుదుట బొట్టు, చేతులకు ఎర్రగాజులు, ఎండకు తల మీద మగవాళ్ల తువ్వాలు కప్పుకుని ఉంది. ఎవరూ ఏమీ చెప్పకముందే బొమ్మ ముందు గొంతుక్కూర్చుని ఆ మెట్టు మీద వేలు పెట్టింది.

"ఈయనే" అంది.

"మొగం కనపడ్లేదు గదా వదినా" అన్నాడు మరిది.

"మొగమెందుకు? ఆ చెయ్యి చూడు. టెంకాయ లేకున్నా చెయ్యి అట్లనే పెట్టుకుంటాండె. అన్నం తిని కూచున్నా అట్లనే."

నేను కవరు మీది రాత మళ్లీ చదివాను. ఆమె తలెత్తి నా వైపు చూసింది.

"ఉగాది అయిన నాలుగో నాడా? మిట్టమద్యాన్నమా?"

"అవునక్కా."

"ఎవురో పైనుంచి ఓ అని అరిచిరే, ఆ పొద్దేనా?"

అరిచింది నేనేనని తల ఊపాను.

"నేను లోపలే ఉంటి" అంది ఆమె. "ఆయన పోయినప్పటి నుంచి, ఈ మన్ను తోలేదాకా, రోజూ ఈ పొద్దుకు వచ్చి ఆ మెట్టు మీదనే కూచుంటాంటి. నీళ్లకోసం ఆయన ఈడ కూచోని ఆలకించేవాడు. నువ్వు అరిస్తివి గదా, ఆయనే పిలిచినాడనుకుంటి. పలికితే నన్నూ తీసకపోతాడని బయపడి కొంగు నోట్లో కుక్కుకుంటి."

ఆమె మళ్లీ బొమ్మ మీదికి వంగింది. ఈసారి మెట్టు మెట్టునా వేలు పెట్టి వెతికింది. పై మెట్టు, కింది మెట్టు, గోడ మూల.

"ఆయన ఉండాడు" అంది. "మరి నేనేదీ?"

మరిది రెండడుగులు వెనక్కి వేశాడు. చిన్నాయన ఒక్కడే నెమ్మదిగా కదిలి, ప్రింటు చుట్టాడు. "అమ్మా, దీన్ని ఇంకా పెద్దగా చేసి చూస్తాం. నాలుగు దినాలు ఆగి అనంతపురంలో మా స్టూడియోకు రా" అన్నాడు. మరిదితో, "అంతదాకా మన్ను పోయద్దు" అన్నాడు. అతను సరేనన్నాడు.

తిరుగు బస్సులో చిన్నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు అర్థమైనట్టే ఉంది, కానీ ఆ మాట పైకి అనాలంటే భయం వేసింది. ఇద్దరు ఒకే మెట్టు మీద కూర్చుంటే ఫోటోలో ఒకరే పడ్డారు. పడింది ఎవరు? రాప్తాడు దాటేటప్పుడు అడిగాను. "ఆడికి పోయి చూద్దాం పాపా. కాగితం చెప్తాది" అన్నాడు.

ఆ మెట్టు ఉన్న భాగం ఒక్కటే, స్కానరు ఎంత లోతుగా చదవగలదో అంత లోతుగా చదివించాను. నీడను కొద్దికొద్దిగా తేలిక చేసి నాలుగో రకం కాగితం మీద మూడు ప్రింట్లు తీశాను. మొదటిదాంట్లో గింజలు గింజలుగా పొగ తప్ప ఏమీ లేదు. రెండోది కాస్త తేలింది. మూడోది ఆరేదాకా మరుసటి మధ్యాహ్నం వరకూ ఆగాం. చిన్నాయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, భూతద్దం పెట్టి చూసి, నా చేతికిచ్చాడు.

వెల్లకిలా ఉన్న ఆ అరచేతి కింద, మణికట్టు దగ్గర, వెంట్రుక మందాన రెండు వంపు గీతలు. గాజులు.

తువ్వాలు కింద కొంగు అంచు కూడా ఇప్పుడు తెలుస్తోంది. పక్కన ఎవరూ లేరు. పై మెట్టు మీద లేరు, కింది మెట్టు మీద లేరు.

"చెప్పాలా చిన్నాయనా?" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేనోళ్లను ఉండారని చూపించినా బతుకంతా. జనం ఏడ్చి, దండం పెట్టి తీసకపోయినారు. ఈయమ్మ అట్ల అడగలే. నేనేదీ అని అడిగింది. దానికి జవాబు ఈ కాగితంలో ఉండాది. దాచిపెట్టే దానికి మనమెవరం?"

వాళ్లిద్దరూ చెప్పిన రోజుకే వచ్చారు. ఆమె స్టూడియోలోకి రాగానే గోడ మీది నాలుగు బావులనూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. నేను పెద్ద ప్రింటు బల్ల మీద పరిచి, ఏమీ చెప్పకుండా పక్కకు జరిగాను. చూపించాల్సిన అవసరం రాలేదు. తన కుడిచెయ్యి ఎత్తి బొమ్మలోని చెయ్యి పక్కన వెల్లకిలా పెట్టింది. ఎర్రగాజులు మణికట్టు మీదికి జారి ఆగాయి. రెండు చేతులనూ మార్చిమార్చి చూసింది.

"నేనే" అంది.

బయట రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపిస్తోంది. మరిది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆయన లేడు" అంది మళ్లీ.

"లేడక్కా."

"కూచున్న తీరు మాత్రం ఆయనదే సూడు. నాకు తెలీకనే ఆయన మాదిరి కూచుంటాండా." చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు. "ఇన్నాళ్లు నా పక్కన ఎవురో కూచున్నట్టే ఉండేది. చల్లగా తగిలేది. అది బావి చల్లదనమేనేమో." తర్వాత మరిది వీపు వైపు చూస్తూ, "దినాలు చేయప్పా" అంది. "గాజులు మాత్రం తీయను."

"తీయమని ఎవురడిగినారు వదినా" అన్నాడతను.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. దినాల నాడు దండ వేసి పెట్టడానికి ఆ మనిషి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోటో తీయించుకుంటే చేతిలో గుణం పోతుందని ఎవరినీ తీయనిచ్చేవాడు కాదట. ఆనవాళ్లు చెబితే బొమ్మ గీసిస్తానన్నాడు చిన్నాయన. ఆమె వద్దంది. లేచి గోడ దగ్గరికి పోయి, గ్లాసీ ప్రింటు ముందు నిలబడింది. "దీంట్లో నా మొగమే కనపడతాంది." నాలుగోదాన్ని చూసి, "ఇది నేను" అంది. దూది కాగితం ముందుకు వచ్చి ఆగింది. ఆ మసి నలుపును వేలితో తాకబోయి ఆగి, "ఇది నాకియ్యి" అంది. "దీంట్లో ఎవురూ కనపడరు. ఎవురైనా ఉండొచ్చు."

దూది కాగితం పెద్ద షీటు తీసి, చిన్నాయన దాన్ని బ్రష్షుతో రెండుసార్లు దులిపాడు. కరెంటు పోకుండా ప్రింటు ఒక్కసారికే వచ్చింది.

ప్రదర్శనకు కూడా మొత్తం ఆ కాగితమే వాడాను. గ్యాలరీ ఆయన ఎందుకు ఎంచుకున్నారని అడిగితే నలుపు బాగుంది అన్నాను. బావి బొమ్మ మాత్రం పంపలేదు. గాజులు కనిపించిన పెద్ద ప్రింటునూ, దానికి ముందు తీసిన రెండింటినీ ఆమె ముందే చింపేశాను. నెగెటివ్ ఇవ్వబోతే, అది నీ దగ్గరే ఉండనీ అంది.

దినాలకు మమ్మల్నిద్దరినీ పిలిచారు. ఇంటి ముందు షామియానా వేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బావి బొమ్మకు బంతిపూల దండ వేశారు. మరిది ధర్మవరంలో చట్రం కట్టించాడు. దుమ్ము పడుతుందని అద్దం కూడా వేయించాడు. ఆ నల్లటి బొమ్మ మీద అద్దం వేస్తే అందులో ఎవరు చూస్తే వాళ్లే కనిపిస్తారని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి వంగి, నలుపులో తమ ముఖం తాము చూసుకుని, ఉలిక్కిపడి, దండం పెట్టి పక్కకు పోతున్నారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు.

ఆఖరున బాగా ముసలి అవ్వ ఒకామె కర్ర ఊతతో వచ్చింది. అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది. "యాడే, యాడుండాడు నీ మొగుడు?" అని గట్టిగా అడిగింది.

ఆమె వచ్చి అవ్వ పక్కన నిలబడి, కింది నుంచి మూడో మెట్టు ఉండే చోట అద్దం మీద వేలు పెట్టింది. "ఈడ. కండ్లు అలవాటు పడాల అవ్వా. కొంచేపు చూడు."

అవ్వ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. విస్తళ్లు వేస్తున్నవాళ్లు కూడా ఆగి నిలబడ్డారు. అప్పుడు అవ్వ తల ఊపి, "ఔ" అంది. "ఉండాడు."

తర్వాత మమ్మల్ని భోజనానికి పిలిచారు.